లండన్ బ్రిడ్జి కింద

కాన్వెంటుల్లో చదివిన మనకి లండన్ బ్రిడ్జి అంటే కూలిపోయే వంతెన. నిజానికి 1209లో పూర్తయిన పాత రాతి వంతెన 1831 దాకా పనిచేసింది. 1281-82 చలికాలంలో మంచు ఒత్తిడికి ఐదు కమాన్లు పోయాయి, మళ్ళీ కట్టుకున్నారు. దాని మీది ఇళ్ళ గురించీ, గేటు మీద గుచ్చిన తలల గురించీ చాలామంది రాశారు. భయమంతా కింద ఉండేది.

19 కమాన్లు. వాటి స్తంభాలు కోసుకుపోకుండా ఒక్కోదాని చుట్టూ దుంగలు పాతి, లోపల రాళ్ళు నింపేవారు. వీటిని స్టార్లింగులంటారు. ఇవి పాడైనప్పుడల్లా మరికొన్ని దుంగలు, మరిన్ని రాళ్ళు. దాంతో సందు ఇంకా ఇరుకయ్యేది, నీటి వేగం పెరిగేది, కోత ఎక్కువయ్యేది, మళ్ళీ రిపేరు! (ప్యాచ్ మీద ప్యాచ్ వేసే మా ఆఫీసు వ్యవహారం గుర్తొచ్చి నవ్వొచ్చింది.) 1580ల నుంచి ఉత్తరపు కమాన్లలో ఊరికి నీళ్ళు తోడే చక్రాలు కూడా పెట్టారు. వంతెన కాస్తా సగం ఆనకట్ట అయింది. ఆటు సమయంలో ఎగువకీ దిగువకీ మధ్య నీటిమట్టం తేడా ఐదడుగుల దాకా ఉండేది. అంత ఎత్తు నుంచి దిగే నీటి వేగం, లెక్క ప్రకారం, గంటకి ఇరవై కిలోమీటర్ల దరిదాపు.

ఇక్కడ పడవ నడపడంలో ఒక చిక్కుంది. చుక్కాని పనిచేయాలంటే పడవ నీటికంటే వేగంగానో, నెమ్మదిగానో పోవాలి. ప్రవాహంతో సమానంగా కొట్టుకుపోతుంటే చుక్కాని ఎటు తిప్పినా ఒకటే. పోనీ గట్టిగా తెడ్లు వేద్దామంటే ఇరుకు సందులో వాటిని చాపే చోటు లేదు, లోపలికి లాక్కోవాలి. అంటే గురి చూసుకోవడం, ముక్కు తిన్నగా నిలపడం, అన్నీ కమానుకి ముందే అయిపోవాలి. లోపలికి వెళ్ళాక సరంగూ ప్రయాణికుడే. పడవ కొంచెం అడ్డం తిరిగిందా, స్టార్లింగుకి కొట్టుకుని బోల్తా. పోటుకీ ఆటుకీ మధ్య నీళ్ళు నిలకడగా ఉండే కాసేపు ఆగడమే అసలైన నేర్పు. కానీ తొందరపెట్టే ప్రయాణికులు ఎప్పుడూ ఉంటారు కదా.

1428 నవంబరులో నార్‌ఫోక్ డ్యూక్ జాన్ మౌబ్రే పడవ ఇలాగే స్టార్లింగుకి గుద్దుకుని మునిగింది. డ్యూక్, ఇంకా ఒకరిద్దరు ఆ దుంగల మీదికే దూకితే పైనుంచి తాళ్ళు వేసి లాగారు. ఆయన పరివారంలో చాలామంది మునిగిపోయారు. వాళ్ళ పేర్ల కోసం వెతికితే దొరకవు.

తెలివైనవాళ్ళు ఎగువనే ఓల్డ్ స్వాన్ మెట్ల దగ్గర దిగి, బిలింగ్స్‌గేట్ దాకా నడిచి, మళ్ళీ పడవెక్కేవారు. 1759 ప్రాంతంలో మధ్య స్తంభం ఒకటి తీసేసి, రెండు కమాన్లని ఒకే పెద్ద కమానుగా చేశారు. దారి వెడల్పయింది, సమస్య తీరిందనుకున్నారు. అయినా 1763లో శామ్యూల్ జాన్సన్, బాస్వెల్ గ్రీనిచ్ వెళ్తూ ఓల్డ్ స్వాన్ దగ్గర దిగి నడిచారు! పైగా కొత్త సందులోంచి విసురుగా పోయే నీళ్ళు పక్క స్తంభాల అడుగున తవ్వేయడం మొదలెట్టాయి. పిలిపించిన ఇంజినీరు జాన్ స్మీటన్ చెప్పిన ఉపాయం ఏమిటంటే, అప్పుడే పడగొట్టిన నగర ద్వారాల రాళ్ళు కొని నదిలో పోయమని. మళ్ళీ రాళ్ళే.

చివరికి 1831లో పక్కనే కొత్త వంతెన తెరిచి పాతదాన్ని తీసేశారు. పడవలకి దారి దొరికింది. అడ్డు పోయిన నీళ్ళు ఈసారి ఎగువనున్న వెస్ట్‌మినిస్టర్, బ్లాక్‌ఫ్రయర్స్ వంతెనల పునాదుల మీద పడ్డాయి. 1860లు ముగిసేలోపు ఆ రెండింటినీ కూడా మళ్ళీ కట్టాల్సొచ్చింది.