తవాయిఫ్‌ల చిట్టా

1857 ముచ్చట వస్తే మేం బేగం హజ్రత్ మహల్‌ను తలుచుకుంటాం. లక్నో తవాయిఫ్‌లను తలుచుకోం. సిగ్గు! వాళ్ళు పాడిన గజళ్ళు మావి, వాళ్ళు మాత్రం మావాళ్ళు కారు. తిరుగుబాటుదారులకు సాయం చేశారని ఇంగ్లీషువాళ్ళు వాళ్ళ ఆస్తులు జప్తు చేశారు. ఆ తర్వాతి పన్నుల లెక్కల్లోనూ, ఊళ్ళో ఎక్కువ పన్ను కట్టినవాళ్ళలో తవాయిఫ్‌లున్నారు.

అలాంటి ఆడవాళ్ళకు కొద్ది ఏళ్ళలోనే సర్కారు ఇంకో చిట్టా తెరిచింది. దొర సిపాయిలకు సవాయి, సెగ ముదిరాయని 1864లో కంటోన్మెంట్ చట్టం, 1868లో అంటురోగాల చట్టం తెచ్చారు. తెలుగులో వీటిని సుఖరోగాలంటారు. ఎవరి సుఖమో, ఎవరి రోగమో! ఆడమనిషి పేరు రిజిస్టరుకెక్కాలి. టికెట్ దగ్గరుంచుకోవాలి. పిలిచిన రోజున వచ్చి పరీక్షకు పడుకోవాలి. రోగముందంటే లాక్ హాస్పిటల్‌లో నిర్బంధం. రాకపోతే జుర్మానా, జైలు. ఆమె దగ్గరికి వచ్చిన సిపాయికి ఈ చట్టాల్లో రిజిస్టరూ లేదు, టికెట్టూ లేదు. మన సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లోనూ ఇలాంటి ఆస్పత్రి నడిచింది.

అప్పటి మందు పాదరసం. సవాయిని పెనిసిలిన్ నయం చేస్తుందని తేలింది 1943లో. అంటే ఆడవాళ్ళను బంధించారేగాని బాగుచెయ్యలేదు. వాళ్ళు ఊళ్ళు విడిచి పారిపోయారు, పేరు దాచుకున్నారు. సైన్యంలో రోగం తగ్గలేదు. ఇంగ్లండులో జోసెఫిన్ బట్లర్ వంటివాళ్ళు పోరాడాక 1888లో చట్టం రద్దయింది.

బుద్ధి రద్దు కాలేదు. రక్తదానం చేసిన పాపానికి 1989లో గోవాలో డొమినిక్ డిసౌజాను హెచ్‌ఐవి ఉందని పోలీసులు పట్టుకెళ్ళి 64 రోజులు నిర్బంధించారు. 1992లో కలకత్తా సోనాగాచిలో డాక్టర్ స్మరజిత్ జానా దీన్ని తిరగేశాడు. ఆ వృత్తిలోని ఆడవాళ్ళనే ఆరోగ్య కార్యకర్తలను చేశాడు. ఆరోగ్యం గురించి తోటివాళ్ళకు వాళ్ళే చెప్పుకున్నారు, కండోమ్‌లు వాళ్ళే పంచుకున్నారు. పోలీసు లేడు, టికెట్ లేదు.

చిట్టాకెక్కడమంటే ఏమిటో మాకు 2020లో తెలిసింది. తబ్లీగీ పేరు చెప్పి మమ్మల్నే కరోనా అన్నారు. కూరగాయల బండివాణ్ణి పేరడిగి తరిమారు. విదేశీ తబ్లీగీలను బలిపశువులను చేశారని ఆ ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి అన్నది గాని, అది ఎన్ని చెవుల్లో పడింది?

ఇంత కోపమున్న మేమే, మా మొహల్లాలో ఒక కుర్రాడు ఎయిడ్స్‌తో పోతే, మయ్యత్‌కు గుసుల్ ఇవ్వడానికి ముందుకు రాలేదు. జొహర్ దాటింది, అసర్ దాటింది. ఆఖరికి ఆస్పత్రిలో పనిచేసే ఒకాయన వచ్చి, చేతులకు గ్లౌజులు తొడుక్కుని నీళ్ళు పోశాడు.