దుప్పి మేసే పాత చేలు

మన పిల్లల ఫోన్లలో ఈమధ్య ఒక రకం వీడియోలు తిరుగుతున్నాయి. అమెరికాలో రైతులు, వేటగాళ్లు చలి తగ్గే వేళకు అడవి అంచున చిన్న మడి సిద్ధం చేసి క్లోవర్ అనే పచ్చిమేత మొక్క విత్తనాలు, ఓట్లు చల్లుతారు. అది జింకల కోసమే. అక్కడ మంచు కరిగి నేల తడిగా ఉంటుంది కాబట్టి వసంతంలో వేసిన విత్తు వసంతంలోనే మొలుస్తుంది. చూలుతో ఉన్న ఆడజింకలు, కొత్త కొమ్ములు వస్తున్న మగజింకలు వచ్చి మేస్తాయి. వేట కాలం వచ్చేసరికి అవి ఆ చోటికి అలవాటు పడి ఉంటాయి.

"మనవాళ్లు ఎప్పుడైనా జింకకు మేత వేశారా?" అని ఈ సంచిక పనిలో ఉన్నప్పుడు కొందరు యువకులు మమ్మల్ని అడిగారు. వేయలేదు. మన పెద్దలు తమ తిండి కోసం అడవి కొట్టారు. దొరికితే జింకనూ తిన్నారు. గుస్సాడి భుజాన వేలాడే జింక తోలు ఎక్కడి నుంచి వచ్చిందో దాచుకోవాల్సిన పని లేదు. అయినా జింకకు మేత దొరికే చోట్లు ఈ అడవుల్లో చాలా వరకు మనవాళ్ల చేతుల మీదుగానే తయారయ్యాయి. ఆ సంగతి పుస్తకాల్లో ఒక చోట కనిపించదు. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

ముందు మన వసంతం ఎలాంటిదో చూడాలి. ఫాల్గుణం నాటికి టేకు ఆకు రాలిపోతుంది, వాగులు మడుగులుగా తెగిపోతాయి, కొండ మీది గడ్డి ఎండి పసుపు రంగుకు వస్తుంది. ఆ నెలల్లో ఏ విత్తనం చల్లినా పిట్టలకు, చీమలకే దక్కుతుంది. మన దగ్గర విత్తు పడాల్సింది మిరుగం వచ్చాకే. మృగశిర అంటే జింక తల. ఆ చుక్క పేరుతోనే మన దుక్కి, విత్తు మొదలవుతాయి. కాబట్టి మన అడవిలో చైత్రం మేత అంటే వానకాలంలో పెరిగి వాగు ఒడ్డున పచ్చిగా మిగిలిన గడ్డి, దానికి తోడు చెట్టు రాల్చే తిండి. తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. మన ఆడవాళ్లు గంపలతో వెళ్లేలోపే దుప్పి, ఎలుగు తినిపోతాయి. ఆ తర్వాత మేడి, తునికి, జువ్వి పండ్లు. కొండముచ్చులు పైన కూర్చుని సగం తిని సగం పారేస్తుంటే కింద చుక్కల దుప్పులు ఏరుకు తినడం అడవిలో తిరిగిన ప్రతివాళ్లూ చూసిందే. ఎత్తు కొమ్మ ఆకు దుప్పికి అందదు. కొండముచ్చే దానికి కోసి పెడుతుంది.

ఇక పోడు. కోలాములు, నాయకపోళ్లు కొండ మీద నాగలి లేకుండా, కర్రతో గుంత పొడిచి గింజ వేసేవాళ్లు. చలికాలంలో చెట్టు కొట్టి, ఎండాకాలంలో కాల్చి, తొలకరికి ఆ బూడిదలో జొన్నలు, చిరుధాన్యాలు వేసేవాళ్లు. రెండు మూడేళ్లు పండించి ఆ చోటు వదిలి ఇంకో చోటికి పోయేవాళ్లు. మన కథలన్నీ పంట దగ్గరే ఆగిపోతాయి. దుప్పి కథ మాత్రం చేను వదిలిన నాటి నుంచి మొదలవుతుంది. నరికిన మోడు చచ్చిపోదు, కుదురు నుంచి పిలకలు వేస్తుంది. ఆ లేత ఆకు సరిగ్గా జింక నోటికి అందే ఎత్తులో ఉంటుంది. నీడ లేని నేల మీద గడ్డి ఒత్తుగా లేస్తుంది, రేగు పొదలు వస్తాయి. కొన్నేళ్లకు చెట్లు మళ్లీ కమ్ముకుని గడ్డి పలచబడుతుంది. అప్పటికి ఇంకో కొండ మీద ఇంకో చేను పడావు పడి ఉంటుంది. అడవిలో ఎప్పుడూ ఎక్కడో ఒకచోట కొత్త పడావు, ఇంకోచోట పాత పడావు ఉండేవి. దుప్పి వాటి మధ్య తిరిగేది. పంట ఉన్నన్నాళ్లూ మంచె మీద కూర్చుని రాత్రంతా దాన్ని తోలిన మనుషులే, పంట అయ్యాక ఆ చేను దానికి వదిలిపోయేవాళ్లు.

నిప్పు సంగతీ అంతే. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద చెత్త కాల్చేవాళ్లు, తునికాకు లేతగా చిగురించాలని పొదలు కాల్చేవాళ్లు. కాలిన నేలలో కాస్త తడి ఉంటే గడ్డి దుబ్బులు నల్లటి బూడిదలోంచి పచ్చగా లేస్తాయి. దుప్పులు గుంపుగా దిగుతాయి. ఇందులో మంచి ఒక్కటే లేదు. ఏటేటా అదే చోటు కాలితే మొలకలు చస్తాయి, నేల మీద గుడ్లు పెట్టే పిట్టలు పోతాయి, ఎండుగడ్డి మీద బతికే పశువులకు ఆ కాస్తా ఉండదు. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం చట్టం ప్రకారం నేరం. ఇది చదివి ఎవరూ అగ్గిపెట్టె పట్టుకుని బయల్దేరవద్దు.

నిజాం రాజ్యంలో రిజర్వు అడవి గీతలు పడ్డాక కోలాములను కొండల మీద నుంచి దింపేశారు. గోండుల పడావు భూములు "ఎవరూ దున్నని భూమి" కింద అడవి లెక్కలోకి పోయాయి. పడావు పెట్టడమంటే వదిలేయడం కాదు, నేలకు విశ్రాంతి ఇవ్వడం అని కొలతగాళ్లకు ఎవరు చెప్పగలిగారు? 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం ఇచ్చిన పోరాటానికి మూలం ఈ గీతలే. ఆ తర్వాత సర్కారు పిలిపించిన హైమెండార్ఫ్ మన మధ్య ఉండి, చూసింది రాశాడు. పట్టాలు కొంత వచ్చాయి. కొండ మీది పడావులు మాత్రం తిరిగి రాలేదు. ఆ గీతల లోపల చాలా చోట్ల టేకు పెరిగింది. టేకు కలపగా విలువైనదే. కానీ దాని పెద్ద ఆకుల నీడలో గడ్డి ఎంత పలచగా ఉంటుందో మీరే వెళ్లి చూడండి.

ఈ కథకు రెండో సగం మన చుట్టాల నేల మీద జరిగింది. మధ్యప్రదేశ్‌లో ఒకప్పుడు గోండు రాజులు ఏలిన మండ్లా ప్రాంతంలో కన్హా అడవి ఉంది. అక్కడి బైగాలు మన కోలాముల పోడు లాంటిదే చేసేవాళ్లు. దాన్ని బేవర్ అంటారు. నాగలితో దున్నడమంటే భూమితల్లి రొమ్ము చీల్చడమే అని వాళ్ల నమ్మకం. వెరియర్ ఎల్విన్ 1939లో అచ్చయిన తన బైగాల పుస్తకంలో దీని గురించి వివరంగా రాశాడు. ఇంగ్లీషు దొరలు బేవర్‌ను ఆపేసి, 1890లో బైగా చక్ అనే ఒక్క ముక్కలో మాత్రమే దానికి అనుమతి ఇచ్చారు. కన్హా 1933లో అభయారణ్యం, 1955లో జాతీయ పార్కు, 1973లో పులుల ప్రాజెక్టు అయింది.

ఆ అడవిలో బారాసింఘా అనే జింక ఉంది. పేరుకు తగ్గట్టు దాని కొమ్ములకు కొమ్మలు ఎక్కువ. దుప్పి ఆకు, కాయ, పువ్వు ఏది దొరికినా తింటుంది. బారాసింఘా మేత దాదాపు అంతా గడ్డే. కూనను దాచుకోవడానికి కూడా దానికి పొడుగు గడ్డే కావాలి. 1970 నాటికి కన్హాలో అవి 66 మాత్రమే మిగిలాయి. వాటి కోసం కంచె వేశారు, గడ్డిని కాపాడారు. లోపలి గోండు, బైగా ఊళ్లను ఖాళీ చేయించారు. సోంఫ్ అలాంటి ఊరే. ఊళ్లు పోయిన చోట ఇళ్ల స్థలాలు, చేలు గడ్డి మైదానాలయ్యాయి. బారాసింఘా ఆ మైదానాల్లోకి వచ్చింది, పెరిగింది. ఈమధ్య అక్కడి నుంచి సాత్పురా అడవికి కూడా కొన్నిటిని పంపారు.

దీన్ని రెండు రకాలుగా చెప్పవచ్చు. మనుషులు పోయారు కాబట్టి జింక బతికింది అని ఒక మాట. ఎక్కువగా వినిపించేది ఇదే. ఆ చేలు తరాలుగా కొట్టి, దున్ని, మేపి తెరిచి ఉంచబట్టే మనుషులు లేచిపోయిన మర్నాడు అక్కడ అడవి కాకుండా గడ్డి మొలిచింది అన్నది రెండో మాట. మా లెక్కలో రెండూ నిజాలే. వేట, పశువుల మేత ఆగడం జింకకు మేలు చేసింది. మైదానం మాత్రం ఊరి వాళ్లు విడిచి వెళ్లిన ఆస్తి. అలా వదిలేస్తే అది మైదానంగా నిలవదు కూడా. చెట్ల మొలకలు, పులికంప కమ్ముకొస్తాయి. అందుకే కన్హాలో వాటిని పీకించి, అడవి గడ్డి గింజలు సేకరించి, నారు పోసి మళ్లీ నాటిస్తున్నారు.

మన కవ్వాల్ 1965లో అభయారణ్యం, 2012లో పులుల అభయారణ్యం అయింది. ఇక్కడా గడ్డి క్షేత్రాలు పెంచుతున్నారు. 2024లో కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట గూడేలు లోపలి నుంచి బయటికి వచ్చాయి. అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం గ్రామసభ అన్నీ తెలిసి స్వేచ్ఛగా ఒప్పుకోకుండా ఇలాంటి తరలింపు జరగకూడదు. అదే చట్టం ఊరుమ్మడి అడవిని కాపాడుకునే, పెంచుకునే హక్కు కూడా మనకు ఇచ్చింది. ఆ రెండో హక్కును అడిగేవాళ్లు తక్కువ. గడ్డి క్షేత్రం పని దానికి మంచి దారి అని మేము అనుకుంటున్నాం. కూలీగా వెళ్లినా, గ్రామసభ తరఫున వెళ్లినా పని తెలిసి వెళ్లాలి.

పనిలో సగం చోటు ఎంచుకోవడమే. పాత పడావు, లోతు మన్ను, ఎండ తగిలే నేల, దగ్గరలో నీళ్లు ఉండాలి. ఊరి చేలకు, కుక్కలకు దూరంగా ఉండాలి. లేకపోతే దుప్పి అక్కడ మేసి రాత్రికి మన కంది చేలో దిగుతుంది. పులికంపను పైపైన నరికితే మళ్లీ ఒత్తుగా లేస్తుంది. కాయ పండకముందే వేరు మొదలుతో పెళ్లగించాలి. బయటి పశుగ్రాసం ఒక్కటే ఎకరాలకు ఎకరాలు వేయడం మాకు నచ్చదు. పొట్టి గరిక ఉండాలి, దాగడానికి పొడుగు గడ్డి ఉండాలి, అంచున ఇప్ప, మేడి, ఉసిరి, తాని ఉండాలి. చైత్రంలో ఆదుకునేది ఆ అంచే. వాసన గడ్డి అడవంతా ఉన్నా ముదిరితే దుప్పి ముట్టదు. ఏది ముడుతుందో, ఏ నెల వరకు ముడుతుందో పశువులు కాసిన ముసలివాళ్లకు బాగా తెలుసు.

దండారి ముగిసి దీపావళి వెళ్లాక కొండ గడ్డి కంకులు ఒక్కొక్కటిగా పండుతాయి. రాలకముందే కోసి, నీడన ఆరబెట్టి, గోనెల్లో దాచి, మిరుగానికి నారు పోయాలి. దుబ్బు చీల్చి పిలకలు నాటితే ఇంకా త్వరగా పట్టుకుంటుంది. ఆ కోతకు వెళ్లేటప్పుడు ఊళ్లో పశువులు కాసిన తాతనో, గడ్డి మోసిన అవ్వనో వెంట తీసుకుపోండి. ఒక్కో కంకిని కాగితానికి అంటించి, దాని పక్కన గోండి పేరు, కోలామి పేరు, ఏ జంతువు ఏ నెలలో తింటుందో వాళ్లు చెప్పినట్టే రాయండి.