దీపం ఎవరికి కనిపించాలి?

ధర్మవరం నుంచి బెంగుళూరు వైపు వెళ్తుంటే హిందూపురం కంటే ముందు పెనుకొండ వస్తుంది. కొండమీది కోట గురించి రాసినవాళ్ళు చాలామందే ఉన్నారు. కింద ఉన్న స్టేషన్‌కీ ఒక చరిత్ర ఉంది. 2012 మే 22 తెల్లవారుజామున, మూడు దాటాక, హుబ్లీ నుంచి వస్తున్న హంపి ఎక్స్‌ప్రెస్ ఎర్ర సిగ్నల్ దాటి వచ్చి, ఆగి ఉన్న గూడ్సును గుద్దుకుంది. ఒక పెట్టె అంటుకుంది. పాతికమంది దాకా చనిపోయారు.

మానవ తప్పిదం అన్నారు. కాదనలేం. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోతే అసలు ప్రశ్న జారిపోతుంది: ఏ సంగతి ఎవరికి కనిపిస్తోంది?

ప్యానెల్ ఉన్న స్టేషన్లలో మాస్టరు ముందు పట్టాల బొమ్మ ఉంటుంది. దారి వేస్తే గీత తెల్లగా వెలుగుతుంది. బండి ఎక్కిన ముక్క ఎర్రబడుతుంది. చక్కటి బొమ్మే. కానీ బ్రేకు ఆయన చేతిలో లేదు. బ్రేకు ఉన్న మనిషికి చీకట్లో స్తంభం మీది దీపమే దిక్కు. ఆయన దాన్ని దాటేస్తే బండిని ఆపే ఏర్పాటు ఆ లైన్లో అప్పటికి లేదు.

పోనీ, బొమ్మ చూపించేదైనా నిజమేనా? 1979 మార్చిలో అమెరికాలోని త్రీమైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ఒక వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూమ్‌లో దాని దీపం మాత్రం ఆరిపోయింది. వాల్వు మూసుకుందని సిబ్బంది అనుకున్నారు. నిజానికి ఆ దీపం చెప్పింది 'మూసుకో' అన్న ఆదేశం వెళ్ళిందని మాత్రమే. పైగా వందకు మించిన అలారాలు ఒక్కసారిగా మోగుతున్నాయి. అసలు సంగతి తెలిసేసరికి రెండు గంటలు దాటింది. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైన్ మీద పచ్చదీపం పడింది, కానీ పాయింటు లూప్ లైన్‌కి తిరిగి ఉంది. వైరింగ్ తప్పు. 290 మందికి పైగా చనిపోయారు. ఆ బండి ఎక్కని తెలుగువాళ్ళ కుటుంబం ఉంటుందా!

'కవచ్' ఈ రెండు చిక్కుల్లో మొదటిదానికి జవాబు. ముందున్న సిగ్నల్ సంగతి ఇంజను క్యాబిన్లోని తెర మీదకే వస్తుంది. డ్రైవరు పట్టించుకోకపోతే బ్రేకు దానంతటదే పడుతుంది. 2022 మార్చి 4న వికారాబాద్ దగ్గర, గుల్లగూడ - చిట్గిడ్డ స్టేషన్ల మధ్య, ఎదురుగా ఇంకో ఇంజను ఉండగా రైల్వే మంత్రి ఎక్కిన ఇంజన్ని నడిపి చూపించారు. 380 మీటర్ల ఎడంలో అదే ఆగిపోయింది. పెనుకొండ జరిగి అప్పటికి పదేళ్ళకు రెండున్నర నెలలు తక్కువ.