తిరిగొచ్చిన పాట - ఎదురుచూసిన ఆడవాళ్లు

'అభిమాని' అనే మాట వ్యాకరణం ప్రకారం ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకేలా చెల్లుతుంది. కానీ ఆ మాట వినగానే మన కళ్లముందు మెదిలేవాడు మగవాడే. కటౌటుకి పాలు పోసేవాడు, మొదటి ఆటకి టికెట్లు చింపుకునేవాడు, సంఘం పెట్టి రసీదు పుస్తకం అచ్చువేయించేవాడు. తెలుగు సినిమా అభిమాన సంఘాల మీద ఎస్.వి. శ్రీనివాస్ చేసిన పరిశోధన చదివితే ఆ లోకం ఎంతగా మగవాళ్లదో అర్థమవుతుంది. మరి ఆడవాళ్లు ఎవరి పాటకీ ఎదురుచూడలేదా? చూశారు. ఆ ఎదురుచూపుకి సంఘం లేదు, బ్యానరు లేదు. కనక చరిత్రలో చోటూ లేదు.

పాశ్చాత్య దేశాల్లో ఈ ప్రశ్నని స్త్రీవాదులు కాస్త ముందుగానే అడిగారు. 1964లో బీటిల్స్ వెంట పరుగెత్తి అరిచిన అమ్మాయిలను పత్రికలు పిచ్చివాళ్లన్నాయి. 1992లో బార్బరా ఎరెన్‌రైక్, ఎలిజబెత్ హెస్, గ్లోరియా జేకబ్స్ కలిసి రాసిన వ్యాసం ఆ అరుపుని ఇంకోరకంగా చదివింది. అణిగిమణిగి ఉండమని పెంచిన ఆడపిల్లలు ఒక్కసారిగా, గుంపుగా, బహిరంగంగా అదుపు తప్పడంలో ఒక తిరుగుబాటు ఉందని వాళ్లు చెప్పారు. 1981 తర్వాత కొత్త ఆల్బమే తేని స్వీడన్ బృందం ఆబ్బా 2021లో, నలభై ఏళ్లకి, తిరిగి వచ్చింది. అలా ఎవరు తిరిగొచ్చినా విన్నవాళ్లు మొదట అడిగేది గొంతు గురించే. అదే గొంతేనా? మారిందా? ఆ ప్రశ్న పాటగాళ్ల గురించి ఎంతో, విన్నవాళ్లు గడిపిన ఏళ్ల గురించీ అంతే.

మన దగ్గర అలాంటి పునరాగమనం ఏది అంటే నాకు 1990 ఫిబ్రవరే గుర్తొస్తుంది.

తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు గద్దర్‌గా మారిన కథ మనకు తెలిసిందే. బి. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ నుంచి 1972లో జననాట్యమండలి రూపుదిద్దుకుంది. 1980 నాటికి 'మాభూమి' సినిమా తెరమీద, గొంగడి కప్పుకున్న ఆ మనిషి నైజాం మీద కట్టిన బండి పాట పాడితే తెలంగాణ ఊగిపోయింది. బ్యాంకు గుమాస్తా ఉద్యోగం వదిలి 1984లో పూర్తిగా పాటలోకి వచ్చాడు. 1985లో కారంచేడు మారణకాండ జరిగింది. దాన్ని నిరసిస్తూ తిరుగుతున్నప్పుడే పోలీసులు ఆయన ఇంటిమీద దాడి చేశారు. ఆయన అజ్ఞాతంలోకి వెళ్లాడు. దాదాపు ఐదేళ్లు మనిషి కనపడలేదు. పాత క్యాసెట్లు, ఐదారు చేతులు మారి నలిగిపోయిన పాటల పుస్తకాలు మాత్రం మిగిలాయి.

1989 చివర మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక ఆంక్షలు కొంత సడలాయి. 1990 ఫిబ్రవరి 18న గద్దర్ బయటికి వచ్చాడు. 20న హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో జననాట్యమండలి వార్షికోత్సవ సభ. రెండు లక్షల మంది వచ్చారని ఇప్పటికీ చెప్పుకుంటారు. మే నెలలో వరంగల్లు రైతుకూలీ సంఘం సభలకి జనం అంతకుమించి పోటెత్తారు. ఏ రాక్ బృందానికీ తీసిపోని పునరాగమనం ఇది. టికెట్టు లేదు, కంపెనీ లేదు, రికార్డు అమ్మకాల పట్టిక లేదు.

ఆ సభ గురించి మగవాళ్లు రాసిన జ్ఞాపకాలు దొరికినన్ని చదివాను. వాటిలో ఎక్కువగా ఉండేవి లెక్కలు. ఎన్ని లారీలు, ఎన్ని బస్సులు, జనం ఎక్కడిదాకా నిలబడ్డారు, ఎర్రజెండాలు ఎంత ఎత్తున ఎగిరాయి. మైదానంలో ఆడవాళ్లూ ఉన్నారు. కానీ రాసినవాళ్లకి వాళ్లు 'జనం'లో కలిసిపోయారు. ఇక మైదానం దాకా రాలేనివాళ్ల సంగతి ఎవరు రాయాలి?

మాది నల్లగొండ జిల్లా కేతేపల్లి. హైదరాబాదు - విజయవాడ రహదారి మీద నకిరేకల్‌కీ సూర్యాపేటకీ నడుమ ఉంటుంది. ఇప్పుడు అరవై అయిదో నంబరు రహదారి, అప్పుడు తొమ్మిదో నంబరు. మూసీ ప్రాజెక్టు పక్కనే. కాలువ కింద వరి, మిగతాది చెలక. ఇక్కడ పాటకి పార్టీ ఉంటుంది. సాయుధ పోరాటం నాటి ప్రజానాట్యమండలి వారసత్వం మా వైపు గట్టిది. గొల్లసుద్దులతో ఊళ్లను కదిలించిన సుద్దాల హనుమంతు ఈ జిల్లావాడే. నకిరేకల్ నుంచి ఆరుసార్లు శాసనసభకి వెళ్లిన సి.పి.ఎం. నాయకుడు నర్రా రాఘవరెడ్డి కూడా గొల్లసుద్దులు చెప్పినవాడే. అంటే గద్దర్ పాట మా ఊరికి వచ్చింది ఖాళీ చోటులోకి కాదు. ఇంకో ఎర్రజెండా నీడలోకి. ఎవరి పాట ఎవరు పాడాలన్న పట్టింపు మగవాళ్ల మధ్య ఉండేది. ఆడవాళ్లకి ఆ పట్టింపు లేదు. నాటు పడే పొలంలో రాగం కుదిరితే పాట తమదే.

పాట మీద పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో మా చుట్టుపక్కల అరవై, డెబ్భై ఏళ్ల ఆడవాళ్లను కూచోబెట్టి 1990 గురించి అడిగాను. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నేర్పిన పద్ధతే నాది. ప్రశ్న తక్కువ, వినడం ఎక్కువ. వాళ్లలో ఎవరూ నిజాం కాలేజీకి వెళ్లలేదు. ఇంట్లో మగవాళ్లు లారీ ఎక్కితే వీళ్లు సద్ది కట్టిచ్చారు. వీళ్లకి పాట క్యాసెట్టుగా వచ్చింది. పెండ్లి క్యాసెట్ల నడుమ కలిపి పెట్టిన క్యాసెట్టు, అడుక్కొచ్చిన టేపు రికార్డరు, రాత్రి తలుపు దగ్గరికేసి తగ్గించిన చప్పుడు. మా అమ్మ అప్పుడు కొత్త కోడలు. గొంతు ఎట్లా ఉందనిపించింది అని అడిగితే ఇట్లా చెప్పింది: "జర బొంగురు వోయింది. అడవిల తిరిగినోని గొంతు గట్లనే ఉంటది. గని దమ్ము మాత్రం తగ్గలే."

మా పెద్దమ్మ మాట వేరు. "ఆయన అచ్చిండని మీ పెద్దనాయిన సంబురపడ్డడు. నాకైతే మా నాట్ల పాట మల్లొచ్చిందనిపిచ్చింది."

ఈ రెండో మాట దగ్గర నేను చాలాకాలం ఆగిపోయాను. జననాట్యమండలి బాణీల్లో చాలా భాగం ఎక్కడివి? నాట్లలో, కలుపుల్లో, దంపుళ్లలో, బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు పాడుకున్నవి. లచ్చగుమ్మడి అనే ఆనవాలుతో అమావాస్యనాడు పుట్టిన ఆడపిల్ల బతుకు చెప్పిన గద్దర్ పాటని ఎవరు మరిచిపోగలరు? చెట్టుకింద దిగులుగా కూచున్న లచ్చుమమ్మను పలకరించిన పాట? ఆ పల్లవుల నడక పొలం నుంచి వేదిక మీదికి వెళ్లింది. అక్కడ దానికి డప్పు తోడైంది, రాజకీయం తోడైంది, ఒక మగగొంతు తోడైంది. క్యాసెట్టుగా మారి మళ్లీ పొలానికి చేరింది. అందుకే మైదానంలో మగవాళ్లు పాటగాడి పునరాగమనాన్ని చూస్తే, ఇంట్లో మా పెద్దమ్మ పాట పునరాగమనాన్ని విన్నది. అభిమాని అనే మాట ఇక్కడ సరిపోదు. ఆమె ఆ పాటకి మూలధనం పెట్టినవాళ్లలో ఒకతె.

ఇలా అంటే గద్దర్ ఆడవాళ్ల పాటను దొంగిలించాడని కాదు. జానపదంలో సొంతం అనేది ఉండదు, నిజమే. కానీ ఎవరి పేరు నిలుస్తుంది, ఎవరి పేరు 'జానపదం' అన్న మాటలో కరిగిపోతుంది అన్నది మాత్రం పితృస్వామ్యం తేల్చే విషయమే. 'మాభూమి'నే చూడండి. పశువులు కాసే పిల్లవాణ్ణి పలకరిస్తూ హనుమంతు రాసిన పాటని అందులో పాడింది సంధ్య. బండి పాట అనగానే తెరమీది గద్దర్ రూపం అందరికీ కళ్లకు కడుతుంది. ఆ రెండో పాట అందరికీ నోటికి వస్తుంది. పాడిన ఆమె పేరు అడిగితే ఎంతమంది చెప్పగలరు?

పైగా వీళ్లు విని ఊరుకోలేదు. క్యాసెట్టులో విన్న పాటని నాట్లలోకి తీసుకెళ్లి చరణాలు కలిపారు. మా పెద్దమ్మ కలిపిన చరణం మొగోనికి ఒక కూలి, ఆడదానికి ఒక కూలి ఎందుకని దొరని అడుగుతుంది. తర్వాతి చరణం అదే ప్రశ్న ఇంట్లో మొగుణ్ణి అడుగుతుంది: కూలి డబ్బులు ఎవరి జేబులోకి పోతున్నాయని. మొదటి ప్రశ్న వేదికకీ పనికొస్తుంది. రెండోది ఏ వేదికా అప్పట్లో ఎత్తుకోలేదు. అది పొలం గట్టు దాటలేదు, ఏ పాటల పుస్తకంలోనూ ఎక్కలేదు. సరిగ్గా ఆ 1990లోనే విజయవాడ నుంచి 'గురిచూసి పాడే పాట' వెలువడింది. తెలుగులో స్త్రీవాద కవితలు అలా ఒకచోట చేరాయి. ఇంటిలోపలి అధికారాన్ని నిలదీసిన ఆ పుస్తకం కేతేపల్లి పొలాల దాకా రాలేదు. పొలంలోని ఆ చరణమూ పుస్తకం దాకా పోలేదు. రెండూ ఒకే ఏడాది ఒకే ప్రశ్న అడిగాయి. మధ్యలో అక్షరం అడ్డం నిలిచింది.

ఆ వెసులుబాటు ఎంతోకాలం నిలవలేదు. 1992 మేలో పీపుల్స్‌వార్‌నీ దాని అనుబంధ సంఘాలనీ ప్రభుత్వం నిషేధించింది. క్యాసెట్టు ఇంట్లో ఉండటమే భయమైంది. చాలామంది మగవాళ్లు తమవి కాల్చేశారు, బావిలో వేశారు. మా వైపు కొన్ని మిగిలాయంటే ఆడవాళ్లు వడ్ల గుమ్మిలో, పాత చీరెల మూటలో దాచబట్టే. "గుమ్మిల చెయ్యి వెట్టేది మేమే గద" అన్నది ఒకామె. వంటింటి చాకిరీ వాళ్లకి అంటగట్టిన మూలనే వాళ్లు పాటకి దాపుగా మార్చుకున్నారు. పాటను కాపాడినవాళ్ల చరిత్ర రాయాలంటే అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

తిరిగి రావడం కూడా అందరికీ దొరికే అవకాశం కాదు. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద ఆయన ఇంటివద్దే కాల్పులు జరిగాయి. ఒంట్లో ఒక తూటా మిగిలిపోయినా ఆయన బతికాడు, మళ్లీ గజ్జె కట్టాడు. రెండేళ్లకి, 1999 మేలో, మా జిల్లా భువనగిరి వైపు బెల్లి లలితని చంపేశారు. మిల్లు కార్మికురాలు, తెలంగాణ కళాసమితి గాయని. ఆమె శరీరాన్ని ముక్కలు చేసి పడేశారు. ఆడది గొంతెత్తితే ఆమె దేహానికే శిక్ష వేయడం మన సమాజానికి కొత్త కాదు. లలితకి పునరాగమన సభ లేదు. ఆలేరు నుంచి వచ్చిన విమలక్క అరుణోదయ పాటతో ఏళ్ల తరబడి నిర్బంధాల మధ్యే నిలబడింది. వీళ్లని విన్న ఆడవాళ్ల మాటలు పోగుచేస్తే అది ఇంకో వ్యాసం అవుతుంది.

తర్వాత 2002 నుంచి ధూంధాంలు వచ్చాయి. 2011లో 'జై బోలో తెలంగాణ' సినిమాలో పొద్దుపొడుపు మీద పాడిన పాటతో గద్దర్ కొత్త తరానికి ఇంకోసారి తిరిగొచ్చాడు. నేను ఆ తరందాన్ని. 2017లో ఆయన గుళ్లకి వెళ్లినప్పుడు పాత అభిమానులు చాలా గాయపడ్డారు. ఆయన ఆయన కాదన్నారు, ద్రోహమన్నారు. వాళ్ల బాధని నేను తక్కువ చేయను. ఒక మనిషిలో తమ యౌవనాన్ని దాచుకున్నవాళ్లు వాళ్లు. మా అమ్మ మాత్రం ఒక్క ముక్కలో తేల్చేసింది: "ఆయన ఏడికన్న వోనీ. పాట మన కాడుంది గద."

2023 ఆగస్టు 6న గద్దర్ వెళ్లిపోయాడు. 'ఒరేయ్ రిక్షా' పాటకి వచ్చిన నంది పురస్కారాన్ని తిరస్కరించిన మనిషి పేరుమీదే 2025 నుంచి తెలంగాణ ప్రభుత్వం సినిమా పురస్కారాలు ఇస్తోంది. విగ్రహాలు లేస్తున్నాయి, సంకలనాలు వస్తున్నాయి. చరిత్ర గట్టిపడే దశ ఇది. గట్టిపడ్డాక అందులో ఇంకో గొంతుని ఇరికించడం కష్టం. మరోవైపు మా పొలాలు మారిపోయాయి. కొన్నేళ్లుగా తెలంగాణలో చాలాచోట్ల బీహారు, బెంగాలు నుంచి వచ్చిన మగ కూలీలు నాట్లు వేస్తున్నారు. వాళ్ల పాట వేరే, వాళ్ల కష్టమూ వేరే. బాణీ పుట్టిన చోటే మన ఆడవాళ్ల కాళ్లకింది నుంచి జరిగిపోతోంది.

ఆ చరణాలు కలిపినవాళ్లు ఇప్పుడు డెబ్భైల్లో ఉన్నారు. మా పెద్దమ్మకి రెండో చరణం చివరి పాదం మొన్న గుర్తురాలేదు. పక్కింటామె అందించింది. పాటల మీద పరిశోధన చేస్తున్న, చేయిస్తున్న మనం పాటగాళ్ల ఇంటర్వ్యూలు చాలానే తీసుకున్నాం. ఇక విన్నవాళ్ల దగ్గరికి వెళ్దాం. పక్కింటామె ఉండగానే వెళ్దాం.