పత్తికొండ సీమలో వాన వాదాలు

వాతావరణం మారిపోతున్నదన్న హెచ్చరికను శంకించేవారు ఎండకూ వానకూ దూరంగా బతికే నగరవాసులే అయివుంటారన్న అభిప్రాయం ఒకటి వాడుకలో ఉంది గాని, కర్నూలు జిల్లా పడమటి భాగంలోని పత్తికొండ ప్రాంత చరిత్ర చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాల తేమను ముందే పిండుకోగా మిగిలిన పొడిగాలి మాత్రమే చేరే వర్షచ్ఛాయా ప్రాంతంలో, అనగా కొండల చాటు పడి వాన తగ్గిపోయే నేలలో, ఈ సీమ ఉన్నది. ప్రతి తరమూ ఒక కరువును చూసిన చోట “కరువు ఎప్పుడూ ఉన్నదే, కొత్తగా మారిందేమిటి” అన్న ప్రశ్న రావడంలో వింత లేదు. పైగా రెండు వందల ఏళ్లుగా వాన గురించి ఏదో ఒక సిద్ధాంతం చేతబట్టుకొని బయటివారు ఇక్కడికి వస్తూనే ఉన్నందువల్ల, వారి మాటల్లో ఎన్ని నిలిచాయో, ఎన్ని తేలిపోయాయో లెక్కవేసుకునే అలవాటు కూడా ఊళ్లకు అబ్బింది.

రైతుకు తన సొంత లెక్క ఎప్పటినుంచో ఉంది. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజుల కాలాన్ని కార్తె అంటారు. జూన్ మొదటి వారం దాటగానే వచ్చే మృగశిరతో ఖరీఫ్ పనులు మొదలై, ఆరుద్ర, పునర్వసుల్లో విత్తనం పడుతుంది. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో ఆ ఏటి వాన ఎన్ని ఆఢకాలో, అందులో సముద్రానికెంత, కొండలకెంత, భూమికెంతో చెబుతారు. కాని విత్తే ముందు రైతు నమ్మేది ఆఢకాలను కాదు, పదునును. నేలలో నాగలి దిగేటంత, విత్తనం మొలిచేటంత తేమ దిగిందా లేదా అన్నదానికి ఆ మాట కొలత. వాన ముఖం చాటేస్తే కప్పతల్లిని ఊరేగించడం, విరాటపర్వం చదివించడం జరిగేవి. వీటిలో దేనిమీదా గుడ్డినమ్మకం ఉన్నదని చెప్పలేము. చేయవలసినది చేసి, ఆ తర్వాత పదును కోసమే చూసేవారు.

ఈస్టిండియా కంపెనీకి 1800లో నిజాం వదిలిన దత్తమండలాలకు ఏడేళ్లపాటు ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసి, ఆపైన మద్రాసు గవర్నరైన థామస్ మన్రో, వీడ్కోలు పర్యటనలో ఉండగా 1827 జులై 6న పత్తికొండలోనే కలరాతో మరణించాడు. ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం ఇక్కడ ఒక తోపు నాటించి, మెట్లబావి కట్టించింది. తోపూ బావీ పుణ్యకార్యాలుగా ఈ నేలకు కొత్తవి కావు. కాని ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో చెట్టుకూ వానకూ మధ్య సంబంధం ప్రభుత్వ దస్త్రాల్లో శాస్త్రచర్చగా మారింది. మద్రాసు సైన్యంలో వైద్యుడైన ఎడ్వర్డ్ బాల్ఫోర్ 1840ల్లో, అడవులు నరికితే వానలు తగ్గి నేల ఎండిపోతుందన్న శోష సిద్ధాంతాన్ని సమర్థిస్తూ వ్యాసాలు రాయగా, 1847లో కంపెనీ డైరెక్టర్లు చెట్ల వల్ల వాతావరణంపై కలిగే ప్రభావం గురించి భారతదేశంలోని అధికారుల నుంచి సమాచారం కోరారు. మనిషి చేసే పని వాతావరణాన్ని మారుస్తుందని ప్రభుత్వాన్ని ఒప్పించడానికి దక్షిణ భారతంలో జరిగిన తొలి ప్రచారాల్లో దీన్ని లెక్కించవచ్చు. పెద్ద విస్తీర్ణంలో అడవి పోతే గాలిలో తేమ తగ్గుతుందన్నంతవరకు నేటి శాస్త్రం ఆ వాదాన్ని కొంత సమర్థిస్తుంది. ఊరి చివర తోపు నాటితే మబ్బు దిగుతుందన్న ఆశను సమర్థించదు.

అయితే ఆ సిద్ధాంతం పల్లెకు చేరిన రూపం వేరు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు చేసిన మిట్టల్లో పశువును మేపినా, వంటచెరకు తెచ్చినా, పచ్చిరొట్ట కోసినా జరిమానా తప్పలేదు. రైతుల మామూలు హక్కులు దెబ్బతింటాయని మద్రాసు రెవెన్యూ బోర్డే చాలాకాలం అటవీశాఖతో వాదించింది. ఆ ఉక్రోషం 1921లో కడప, గుంటూరు జిల్లాల్లో అటవీ సత్యాగ్రహాలుగా బయటపడింది. ప్రకృతిని కాపాడాలన్న మాట వినగానే “ఎవరి నోటికాడిది తీస్తారో” అని పల్లె సందేహించడానికి ఈ అనుభవం కన్నా వేరే కారణం వెతకనక్కరలేదు.

బాల్ఫోర్ వ్యాసాలకూ అటవీ చట్టానికీ నడుమ ధాత కరువు వచ్చింది. 1876లో రెండు రుతుపవనాలూ తప్పి 1878 దాకా సాగిన ఆ కరువులో కర్నూలు జిల్లా తన జనాభాలో దాదాపు నాలుగో వంతును పోగొట్టుకుంది. మద్రాసు రాజధానిలో అంతగా నష్టపోయిన జిల్లా మరొకటి లేదు. 1877 మొదట్లో వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించే ఉద్దేశంతో, కరువు పనుల్లో కూలీకి రోజుకు పౌను ధాన్యం, దానిపైన కొద్దిపాటి నగదు చాలునని నిర్ణయించగా, ఆ తిండితో రాళ్లు కొట్టే మనిషి బతకడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. టెంపుల్ లెక్కలు ఎంత తప్పో శవాలే తేల్చాయి.

అదే సంవత్సరం విలియం హంటర్, మద్రాసు అబ్జర్వేటరీలో 1813 నుంచి నమోదైన వానలెక్కలు ముందుపెట్టుకొని, సూర్యునిపై మచ్చలు తగ్గిన ఏళ్లలో దక్షిణ భారతానికి కరువు వస్తుందని ప్రకటించాడు. పదకొండేళ్లకొకసారి తిరిగే ఆ మచ్చల చక్రం నిజమైతే కరువును ముందే చెప్పవచ్చు కనుక లండన్ పత్రికలు దాన్ని నెత్తికెత్తుకున్నాయి. దాన్ని గట్టిగా శంకించినవాడు రిచర్డ్ స్ట్రాచీ. ఒక్క మద్రాసు నగరపు వానలెక్కల్లో, అదీ అన్ని కొద్ది ఏళ్లలో, కనిపించే హెచ్చుతగ్గులు కేవలం యాదృచ్ఛికం కావచ్చునని గణితంతో చూపాడు. ఆ సంశయవాదే ఆ తర్వాత క్షామ కమిషనుకు అధ్యక్షుడయ్యాడు. 1880లో వెలువడిన ఆ నివేదిక ఆధారంగా క్షామ నియమావళులు తయారయ్యాయి. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు 1904లో అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్, సూర్యుని మచ్చలను వదిలి ప్రపంచమంతటా వాయుపీడనాల లెక్కలు పోల్చి, పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీది పీడనం ఊగిసలాడే తీరును గుర్తించాడు. పసిఫిక్ నీరు వేడెక్కే ఎల్‌నినోకు ఆ ఊగిసలాటతో సంబంధం ఉందని 1960ల్లో తేలింది. ధాత కరువు కూడా బలమైన ఎల్‌నినో కాలానిదే. అనుమానించడం వేరు, లెక్క అడగడం వేరు. స్ట్రాచీ రెండోది చేశాడు.

1952 కరువులో గంజి కేంద్రాలు, సైన్యం సాయం. ఆ తర్వాత వేరుశనగ, అంటే ఇక్కడివారి బుడ్డలు, జొన్న కొర్రలను పక్కకు నెట్టడం. 1980ల నుంచి బోర్లు. పని కోసం గుంటూరు మిరప చేలకు సుగ్గి వలస. వీటి చరిత్ర వేరే చెప్పవలసినది. వాన వాదాల వరకు వస్తే, తర్వాతి మలుపు గాలిమరలది. అనంతపురం జిల్లా రామగిరి ప్రాంతంలో 1990ల్లో మొదలైన గాలిమరలు క్రమంగా కర్నూలు పడమటి మిట్టల మీదికీ వచ్చాయి. బొగ్గు కాల్చకుండా కరెంటు ఇచ్చే ఆ యంత్రాలే మబ్బులను చెదరగొట్టి వానను తరిమేస్తున్నాయన్న మాట రాయలసీమ పల్లెల్లో వేళ్లూనుకుంది. మర రెక్కల కొన నేల నుంచి నూట యాభై మీటర్ల దాకా చేరితే, వాన మబ్బులు సాధారణంగా అంతకు ఎన్నో రెట్లు పైన ఉంటాయని శాస్త్రజ్ఞులు చెప్పినా ఆ మాట చావలేదు. నిదానంగా చూస్తే దాని వెనుక ఒక నిజమైన పరిశీలన ఉంది. జూన్, జులైల్లో పడమటి గాలి ఈడ్చి కొట్టిన ఏడు మబ్బు నిలవదని ఇక్కడి రైతుకు తరతరాలుగా తెలుసు. కంపెనీలు మరలు నాటిందీ ఆ గాలి బలంగా వీచే మిట్టల మీదనే. గాలి ఉన్నచోటికి మర వచ్చింది, మర ఉన్నచోట వాన లేదు, కార్యకారణాలు తారుమారయ్యాయి. స్థలాలు కొనేటప్పుడు చూపిన శ్రద్ధలో పదో వంతు ఈ సంగతి వివరించడానికి చూపివుంటే ఆ వదంతికి అంత ఆయుష్షు ఉండేది కాదేమో. అదే కాలంలో ప్రభుత్వం స్వయంగా మేఘమథనం పేరుతో విమానాల నుంచి మబ్బుల మీద రసాయనాలు చల్లించింది. మనిషి మబ్బును కురిపించగలడని సర్కారు చెబుతుంటే, మనిషి మబ్బును చెదరగొట్టలేడని పల్లె ఎందుకు నమ్మాలి?

2009లో దేశమంతటా రుతుపవనం దెబ్బతిన్నది. అదే ఏడు అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం అధికంగా నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు కనుక, వాన రోజులు తగ్గినా పడిన వాన కుంభవృష్టి కావచ్చునన్న శాస్త్రజ్ఞుల మాటను “కరువు ఎప్పుడూ ఉన్నదే” అన్న సమాధానంతో తోసివేయడం ఆ తర్వాత కొంత కష్టమైంది. ఏ ఒక్క వరదనూ పూర్తిగా భూతాపానికి అంటగట్టలేమన్నదీ నిజమే.

ఉపన్యాసాలకన్నా పనికివచ్చిన ప్రయత్నం అప్పటికే నడుస్తోంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో, నంద్యాలలోని బర్డ్స్ సంస్థ ముందుండి, కర్నూలు, కడప సహా 7 కరువు జిల్లాల్లో 2003 నుంచి 2009 వరకు నడిపిన రైతుల భూగర్భజల యాజమాన్య పథకంలో ఎవరికీ ఉచిత సామగ్రి పంచలేదు, బోరు వేయవద్దని ఆజ్ఞాపించలేదు. ఊళ్లోని స్త్రీలూ పురుషులే వర్షమాపకంలో వానను, ఎంపిక చేసిన బోర్లలో నీటిమట్టాన్ని కొలిచి, అంకెలను ఊరిగోడ మీది పట్టికలో అందరికీ కనిపించేలా రాసేవారు. రబీకి ముందు అందరూ కూర్చొని, నేలలోకి ఎంత నీరు దిగింది, వరి వేస్తే ఎంత పోతుంది, శనగ వేస్తే ఎంత మిగులుతుంది అని నీటి పద్దు వేసుకునేవారు. పద్దు తేలాక ఎవరి పంట వారిష్టం. అయినా చాలా చోట్ల నీరెక్కువ తాగే పంటల విస్తీర్ణం తగ్గింది. అంకె పొరుగు రైతు చేతిరాతలో ఉన్నప్పుడు దాన్ని శంకించేవాడు స్వయంగా తాడు దించి కొలిచి చూడవచ్చు. ఎడ్వర్డ్ బాల్ఫోర్ వ్యాసానికిగాని, హంటర్ కరపత్రానికిగాని ఆ వీలు లేదు.

పత్తికొండకు పొరుగునున్న దేవనకొండ మండలంలో 2016 ఖరీఫ్‌లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది రైతులకు తెలుగులో ఫోను సందేశాలు పంపి, 30 ఏళ్ల వానలెక్కల ఆధారంగా, జూన్ మొదట్లో తొందరపడక చివరి వారం దాకా ఆగి విత్తమని సలహా ఇచ్చాయి. మాట విన్నవారికి దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఇక్రిశాట్ ప్రకటించింది. ఒక్క ఏటి, ఒక్క మండలపు ఫలితాన్ని చూసి స్ట్రాచీ అయితే మరో పదేళ్ల లెక్క అడిగేవాడు. మృగశిర దాటి ఆరుద్రలో విత్తమన్న సలహాలో అక్కడి పెద్దలకు వింతగా తోచేదీ ఏమీ లేదు. ఎప్పుడు విత్తాలో చెప్పిన ఆ సందేశం పంట ఎంతకు అమ్ముడుపోతుందో చెప్పలేదు. పత్తికొండ మార్కెట్లో టమాట ధర కూలిన ఏళ్లలో రైతులు కోతకూలీ కూడా గిట్టక పంటను రోడ్డు పక్క పారబోస్తారు. అలాంటి ఏడు పదును చక్కగా ఉన్నా, వాన సకాలంలో పడినా, సుగ్గికి వెళ్లే బండ్లు ఖాళీగా పోవు.