ఆముదం నుంచి జీరో డబ్ల్యూ దాకా: ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ల సింహావలోకనం

స్పేర్ పార్ట్స్ షాపు కౌంటర్ దగ్గర ఇంజన్ ఆయిల్ అడిగితే డబ్బా కన్నా ముందు కొన్ని మాటలు వస్తాయి. మన ఎండలకు చిక్కటి ఆయిలే పోయించాలి. నల్లబడిందంటే ఆయిల్ పని అయిపోయినట్టే. కిలోమీటర్లు దాటాయంటే ఇంజన్ బోరుకొస్తుంది. ఫిల్టర్ ఈసారికి వదిలేసినా ఫర్వాలేదు. ఇవేవీ గాలికబుర్లు కావు. ప్రతి మాటా ఏదో ఒక కాలపు ఇంజన్ విషయంలో నిజమే. ఆ ఇంజన్లు పోయాయి, మాటలు మాత్రం షెడ్డు నుంచి షెడ్డుకు చేతులు మారుతూ బతికే ఉన్నాయి. ఈనాటి కారుకు సరైన ఆయిల్, సరైన ఫిల్టర్ ఎంచుకోవాలంటే ముందు ఏ మాట ఏ కాలానిదో తేల్చుకోవాలి.

ఆముదం ఏలిన రోజులు

ఇరుసుకు కందెన పెట్టకుండా ఎడ్లబండి పొలిమేర దాటేది కాదు. ఆముదంలో కాల్చిన గడ్డి బూడిద కలిపితే ఆ కందెన తయారు. మనకే కాదు, యంత్రాలు పుట్టిన దేశాలకూ అప్పట్లో గింజల నూనె, జంతువుల కొవ్వు, తిమింగలం నూనె తప్ప గతి లేదు. ఆవిరి ఇంజన్ సిలిండర్‌లో ఆ కొవ్వు వేడికి విరిగి లోహాన్నే తినేది. 1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర డ్రేక్ తవ్వించిన బావిలో ముడిచమురు పడింది. ఏడేళ్లకు, 1866లో, జాన్ ఎల్లిస్ అనే వైద్యుడు న్యూయార్క్ రాష్ట్రంలోని బింగ్‌హామ్టన్‌లో ముడిచమురు నుంచి తీసిన సిలిండర్ ఆయిల్ అమ్మకం మొదలుపెట్టాడు. తర్వాతి రోజుల్లో వాల్వలిన్‌గా పేరుపడింది అదే.

పెట్రోల్ ఇంజన్ వచ్చాక కూడా ఆముదం వెంటనే తప్పుకోలేదు. తొలినాటి ఖనిజ నూనెలు వేడెక్కితే నీళ్లయిపోయేవి, ఆముదం నిలదొక్కుకునేది. చార్లెస్ వేక్‌ఫీల్డ్ కంపెనీ 1909లో ఆముదం కలిపిన ఆయిల్‌ను క్యాస్ట్రాల్ పేరుతో తెచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, సిలిండర్లే గిరగిరా తిరిగే రోటరీ ఇంజన్ల విమానాలు ఆముదం మీదే ఎగిరాయి. వాటిలో పెట్రోల్ క్రాంక్‌కేస్ గుండానే సిలిండర్లకు వెళ్లేది. ఖనిజ నూనె అయితే ఆ పెట్రోల్‌లో కలిసి కొట్టుకుపోతుంది. ఆముదం అంత తేలిగ్గా కలవదు. అయితే వాడిన ఆముదం తిరిగి ట్యాంకుకు చేరే ఏర్పాటు లేక, కాలీకాలని తుంపరగా పైలట్ ముఖాన పడేది. గంటల తరబడి దాన్ని పీల్చినవాళ్ల కడుపుల సంగతి, చిన్నప్పుడు అమ్మమ్మ చేతి ఆముదం తాగినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం. చమురు శుద్ధి మెరుగుపడగానే, వాడేకొద్దీ జిగురు కట్టే ఆముదాన్ని కార్లు వదిలేశాయి.

నంబర్లు వచ్చాయి

1905లో ఏర్పడిన అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ, 1911లో ఆయిల్ చిక్కదనానికి నంబర్లు పెట్టింది. అంతకుముందు ఒక కంపెనీ చిక్కటిదన్న ఆయిల్ మరో కంపెనీ లెక్కలో పల్చటిది అయ్యేది. ఈ నంబర్లు నాణ్యతకు పెట్టిన మార్కులు కావు, కేవలం చిక్కదనపు కొలతలు. ఇప్పటి లెక్క ప్రకారం 100 డిగ్రీల సెల్సియస్ వేడిలో 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ దాకా ఉంటే 30, అక్కడి నుంచి 16.3 దాకా ఉంటే 40.

చలిదేశాల్లో మంచు కురిసే ఉదయం ఆయిల్ గడ్డలా బిగిసి ఇంజన్ తిరిగేది కాదు. దాంతో 1933లో 10డబ్ల్యూ, 20డబ్ల్యూ అనే చలికాలపు గ్రేడ్లు చేరాయి. చలికి ఒకటి, వేసవికి ఒకటి మార్చే బాధ తప్పించింది పాలిమర్. వేడెక్కినప్పుడు ఆయిల్ మరీ పల్చబడకుండా ఆపే ఈ పదార్థం కలిశాక 1950లలో మల్టీగ్రేడ్ ఆయిళ్లు బజారుకొచ్చాయి. డబ్బా మీది 20డబ్ల్యూ-40లో ముందు నంబరు చలిలో స్టార్టింగ్‌కు, వెనుక నంబరు వేడి ఇంజన్‌కు సంబంధించినవి.

మన ఎండలకు మంచు దేశపు డబ్ల్యూతో పనేమిటని అడుగుతారు. ఇంజన్ వేడెక్కాక ఆయిల్ సుమారు 100 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో నిలిపిన కారైనా ఆయిల్ లెక్కన ఇంకా చల్లగా ఉన్నట్టే. 20డబ్ల్యూ-40 ఆ 40 డిగ్రీల దగ్గర, 100 డిగ్రీల దగ్గరి కన్నా ఎనిమిది తొమ్మిది రెట్లు చిక్కగా ఉంటుంది. స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో పైనున్న క్యామ్‌షాఫ్ట్ దాకా ఆయిల్ త్వరగా ఎక్కాలంటే మన ఊళ్లోనూ ముందు నంబరు చిన్నదైతేనే మేలు. ఇక నీళ్లతో చల్లబడే ఇంజన్‌లో వేడిని థర్మోస్టాట్ అదుపు చేస్తుంది కాబట్టి, బయటి ఎండ పేరు చెప్పి వెనుక నంబరు పెంచుకోవడానికి పెద్దగా కారణం లేదు.

ఫిల్టర్ లేని కారు

1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి ఆయిల్ పంపూ లేదు, ఫిల్టరూ లేదు, డిప్‌స్టిక్ కూడా లేదు. ఫ్లైవీల్ ఎగజిమ్మిన ఆయిల్ ఎక్కడ పడితే అక్కడ తడి. ఆయిల్ ఎంతుందో తెలియాలంటే కారు కిందికి దూరి క్రాంక్‌కేస్‌కున్న రెండు కుళాయిలు తిప్పి చూడాలి. దుమ్ము, అరుగుడు పొడి అన్నీ అందులోనే తిరుగుతుంటే వెయ్యి మైళ్లు దాటకముందే ఆయిల్ పారబోయక తప్పేది కాదు. త్వరత్వరగా మార్చాలన్న ఆత్రం ఆనాటిది.

1923లో ఎర్నెస్ట్ స్వీట్‌ల్యాండ్, జార్జ్ గ్రీన్‌హాల్ష్ ప్యూరోలేటర్ ఫిల్టర్ తెచ్చారు. మరుసటి ఏడు క్రైస్లర్ తన కొత్త కారుకు దాన్ని బిగించింది. అది బైపాస్ రకం. తిరిగే ఆయిల్‌లో కొద్ది భాగమే వడకట్టి ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే సంప్‌లోకి వదిలేది, మిగతాది యథాతథంగా బేరింగ్‌లకు పోయేది. బేరింగ్‌కు చేరే ఆయిలంతా ముందు వడపోత దాటేలా చేసిన ఫుల్ ఫ్లో ఫిల్టర్లు 1940లలో వచ్చాయి. అప్పటికీ గిన్నె విప్పి, లోపలి ఎలిమెంట్ మార్చి, గిన్నె కడిగి, రబ్బరు రింగు వేసి బిగించాలి. అంత తంటా ఎందుకని రెండుసార్లు ఆయిల్ మార్చాక ఒకసారి ఫిల్టర్ మార్చే అలవాటు మొదలైంది. 1950ల మధ్యలో చేత్తో తిప్పి బిగించే స్పిన్-ఆన్ డబ్బా రావడంతో ఆ కారణం పోయింది, అలవాటు మిగిలింది.

వాడిన స్పిన్-ఆన్ ఫిల్టర్‌ను రంపంతో కోసి చూస్తే దాని బతుకంతా కనిపిస్తుంది. రెసిన్ పట్టించిన కాగితం మడతలు, వాటి సందుల్లో నల్లటి మడ్డి. పైన పల్చటి రబ్బరు బిళ్ల, ఇంజన్ ఆపినప్పుడు ఆయిల్ వెనక్కి కారిపోకుండా పట్టి ఉంచేది అదే. చాలా రకాల్లో స్ప్రింగుతో ఒక బైపాస్ వాల్వు కూడా ఉంటుంది. కాగితం పూర్తిగా పూడుకుపోతే ఆ వాల్వు తెరుచుకుని మురికి ఆయిల్‌నే లోపలికి వదులుతుంది. ఆయిల్ అసలే లేకపోవడం కన్నా మురికి ఆయిల్ నయమన్న లెక్క అది. పాత ఫిల్టర్ ఉంచేసి కొత్త ఆయిల్ పోయించడం డబ్బు దండగ అనడానికి ఈ వాల్వు ఒక్కటి చాలు.

నల్లబడే గుణం

1930లలో అమెరికాలో క్యాటర్‌పిల్లర్ డీజిల్ ఇంజన్ల రింగులు మసితో అతుక్కుపోతుంటే ఆయిల్‌లో డిటర్జెంట్ కలపడం మొదలైంది. దాంతో మసి ఇంజన్ గోడలకు పట్టకుండా ఆయిల్‌లోనే తేలుతూ ఉంటుంది. డిటర్జెంట్ లేని ఆయిల్ తేటగా కనిపించినా మడ్డంతా సంప్ అడుగున పేరుకునేది. ఆ రోజుల్లో ఆయిల్ నల్లబడడం రోగం. ఇప్పుడు అది ఆయిల్ పని చేస్తోందనడానికి గుర్తు. డీజిల్ కారులో కొత్త ఆయిల్ కొద్దిరోజుల్లోనే నల్లబడితే కంగారు పడనక్కర్లేదు.

1940లలో లోహాల మధ్య అరుగుడును ఆపే జింకు, ఫాస్ఫరస్ పదార్థం చేరింది. చిక్కదనపు నంబరు ఒక్కటే ఇక సరిపోక, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 1947 నుంచి ఆయిల్ సత్తాకు తరగతులు పెడుతూ వచ్చింది. ఏపీఐ తరువాత ఎస్ అక్షరం ఉంటే పెట్రోల్ ఇంజన్‌కు, సి ఉంటే డీజిల్‌కు. దాని వెంట వచ్చే అక్షరం వరుసలో ఎంత ముందుకు పోతే ఆయిల్ అంత కొత్త కాలానిది.

మన రోడ్ల మీద

అంబాసిడర్, ఫియట్‌ల కాలంలో ఎంపిక అనే మాటకు పెద్దగా అర్థం లేదు. 1972లో ఇండియన్ ఆయిల్ సర్వో తెచ్చింది. బంకులో ఏముంటే అదే. అరిగిన ఇంజన్ ఆయిల్ తాగుతుంటే, పొగ తగ్గడానికి ఇంకాస్త చిక్కటిది పోసేవారు. వదులు పడ్డ రింగులు, వెడల్పైన బేరింగ్ సందులు ఉన్నచోట అది పనికొచ్చే చిట్కాయే. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇంజన్లు విప్పి బిగిస్తూ పెరిగిన మెకానిక్‌ల చేతి విద్య ఆ ఇంజన్ల మీద పండినదే.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. 1990లలో దిగుమతులు తెరుచుకుని రకరకాల బ్రాండ్లు వచ్చాయి. 2000 నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోల్ అమలైంది. పొగగొట్టంలో చేరిన క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ఆయిల్‌లోని ఫాస్ఫరస్ విషం కాబట్టి దాన్ని తగ్గించాల్సి వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాయి. డీజిల్ కార్ల పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ చేరింది. ఆయిల్ కాలగా మిగిలిన బూడిద దాన్ని పూడ్చేస్తుంది, మసిలా కాల్చి వదిలించుకునే దారి లేదు. అందుకే డీపీఎఫ్ ఉన్న కార్లకు యూరప్ కార్ల తయారీదారుల సంఘం ఏసీఈఏ పెట్టిన సి3 లాంటి తరగతుల తక్కువ బూడిద ఆయిళ్లు.

మరోపక్క, 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా మైలేజీ చట్టం చేసింది. పల్చటి ఆయిల్‌తో ఇంజన్‌కు శ్రమ తగ్గి మైలేజీ పెరుగుతుంది. 1974లో మొబిల్ 1 లాంటి సింథటిక్‌లు ఆ దారి వేశాయి. 5డబ్ల్యూ-30, 0డబ్ల్యూ-20 దాటి ఇప్పుడు 0డబ్ల్యూ-16 కూడా వచ్చింది. ఇంత పల్చటి ఆయిల్ కోసమే సన్నటి సందులతో, చిన్న ఆయిల్ దారులతో చేసిన ఇంజన్‌లో మన ఎండల పేరిట 20డబ్ల్యూ-50 పోస్తే మైలేజీ పోవడమే కాదు, చల్లటి స్టార్టింగ్‌లో పైభాగాలు ఆయిల్ అందక అరుగుతాయి. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లలో తక్కువ వేగంలో గట్టిగా తొక్కితే స్పార్క్‌కు ముందే మిశ్రమం అంటుకుని పిస్టన్లు పగిలాయి. ఆయిల్‌లోని క్యాల్షియం డిటర్జెంట్ కూడా అందుకు ఒక కారణమని తేలాక, 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీలో దానికి పరీక్ష ఉంది.

ఎంపిక అంటే

గ్లవ్‌బాక్స్‌లోని మాన్యువల్ తీసి నాలుగు సంగతులు రాసుకోవాలి: గ్రేడు, ఏపీఐ లేదా ఏసీఈఏ తరగతి, ఎన్ని లీటర్లు, ఎన్ని కిలోమీటర్లకు లేదా ఎన్ని నెలలకు మార్చాలి. రెండింటిలో ఏది ముందొస్తే అది. ఊళ్లో తక్కువ దూరాలే తిరిగే కారుకు నెలల లెక్కే ముఖ్యం, ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోల్ ఆవిరయ్యేంత వేడి దానికి అందదు. ఈ నాలుగూ కుదిరాక బ్రాండ్ ఏదైనా ఒకటే. పాత అంబాసిడర్‌ను ముద్దుగా చూసుకునేవాళ్లు మాత్రం 0డబ్ల్యూ-16 జోలికి పోకూడదు.

ఫిల్టర్‌కు మర సరిపోతే చాలనుకోవడం పొరపాటు. బైపాస్ వాల్వు కొన్ని కార్లకు ఫిల్టర్‌లో, కొన్నిటికి ఇంజన్ బ్లాక్‌లో ఉంటుంది. అది తెరుచుకునే ఒత్తిడీ వేరు. అందుకే పార్ట్ నంబరు చూసి, నమ్మకమైన కౌంటర్‌లో బిల్లుతో కొనాలి. బిగించేటప్పుడు పాత రబ్బరు రింగు బ్లాక్‌కు అంటుకుపోలేదని చూడాలి. రెండు రింగులు ఒకదానిమీద ఒకటి పడితే ఆయిలంతా రోడ్డు పాలు. కొత్త రింగుకు చుక్క ఆయిల్ రాసి చేత్తో బిగిస్తే చాలు.

మెకానిక్ మాట కొట్టిపారేయాల్సింది కాదు. ఆయన చెప్పేది ఏ ఇంజన్ దగ్గర నేర్చుకున్నదో అడగాలి. మీ కారు తయారైన సంవత్సరం ఆ ఇంజన్ కాలానికి కుదిరితే వినండి, కుదరకపోతే మాన్యువల్ మాటే చెల్లాలి.