గురువుకు మార్కులు, తరగతిలో తలలు

తిరుపతిలో 1945లో దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర ఆర్ట్స్ కళాశాల వెలసింది. 1954లో ఎస్. గోవిందరాజులు నాయుడు గారు తొలి ఉపాధ్యక్షులుగా శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆరంభమయింది. 1983లో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. నేను అక్కడ చదువుకున్న నాళ్లలో అధ్యాపకుడికి మార్కులు వేసే కాగితమేదీ మా చేతికి రాలేదు. పాఠం బాగుంటే పక్క సెక్షను వాళ్లు సైతం వచ్చి కిటికీల వద్ద నిలబడేవారు. బాగులేకుంటే వెనుక బెంచీలు ఖాళీ అయ్యేవి. అదే మా తీర్పు.

ఆ కాగితం పుట్టిన చోటు వేరు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1927 ప్రాంతంలో హెర్మన్ రెమ్మర్స్ విద్యార్థుల చేత గురువులను అంచనా వేయించే పట్టికను రూపొందించాడు. మన దేశంలో 1994లో నాక్ ఏర్పడిన తర్వాత, దాని తనిఖీల వెంట ఈ అభిప్రాయ సేకరణ మన కళాశాలలకూ పాకింది.

నేను అధ్యాపకుడినయ్యాక చిత్తూరు జిల్లాలో ఒక కళాశాలలో ఒకే పాఠాన్ని రెండు తరగతులకు చెప్పాను. ఒకదానిలో పదహారు మంది, రెండవదానిలో నూట ఇరవై మంది. చిన్న తరగతి నన్ను నెత్తిన పెట్టుకుంది, పెద్ద తరగతి పెదవి విరిచింది. నాకు పోయిందేమీ లేదు. కానీ పెద్ద తరగతులే వాటాకు వచ్చిన నా సహాధ్యాపకుడొకరికి ఆ సగటు చూపి మరుసటి ఏడు ఒప్పందం పొడిగించలేదు.

1984లో కెనెత్ ఫెల్డ్‌మన్ అంతకుముందరి పరిశోధనలను సమీక్షించి, తరగతి పరిమాణానికీ మార్కులకూ ఉన్న సంబంధం బలహీనమైనదే అన్నాడు. 2008లో కెల్లీ బెడార్డ్, పీటర్ కున్ శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్థశాస్త్ర తరగతులను పరిశీలించారు. అధ్యాపకుల మధ్య, పాఠ్యాంశాల మధ్య తేడాలను తీసివేసి చూస్తే, తరగతి పెరిగేకొద్దీ మార్కులు గణనీయంగా తగ్గాయని తేల్చారు. నాకు తోచిన సమన్వయం ఇది: వేర్వేరు గురువులను పోల్చినప్పుడు వారి నేర్పులోని తేడా గది పెట్టే భారాన్ని కప్పివేస్తుంది, అదే గురువును రెండు గదులలో చూస్తే ఆ భారం బయటపడుతుంది. నూట ఇరవై మందిలో పేర్లు తెలియవు, వెనుక వరుసకు గొంతు అందదు, సందేహం అడగడానికి బిడియం.

చిన్న తరగతికీ ఒక చిక్కు ఉంది. పన్నెండు మందిలో ఒక్కడు అలిగినా సగటులో పన్నెండవ వంతు అతనిదే.

అందుచేత సగటు పక్కనే తలల లెక్క కూడా రాయాలని, ఒకే పరిమాణం గల తరగతులనే పోల్చాలని నా మనవి. నా సహాధ్యాపకుడి కాగితం మీద ఆ ఒక్క అంకె ఉండి ఉంటే, కనీసం ఎవరో ఒకరు ప్రశ్న అడిగి ఉండేవారు.

బోధనలో ఉన్న మిత్రులు తమ అనుభవాలు తెలియజేయగలరు.